సైదావలి కారులో చల్లగాలి

సైదావలి కారంటే ఉప్పలమెట్టలో తెలవనోళ్ళు లేరు. ఊళ్ళో ఇంకెవరికీ కారు లేదా అని అడగమాకండి, ఉన్నాయి. ఎరువుల కొట్టాయనకుంది, మిల్లోళ్ళకుంది. అయితే ఏంది, అయ్యి ఆళ్ళ కోసం తిరిగే కార్లు. ఊరి కోసం తిరిగేది సైదావలి కారొకటే. పురిటినొప్పులొచ్చినా సైదావలే, పాము కరిచినా సైదావలే, పెళ్ళిచూపులకి పోవాలన్నా సైదావలే. తెల్ల కారు, చేతులు మారొచ్చిన కారే గానీ బిడ్డని చూసుకున్నట్టు చూసుకునేవాడంట. దూదేకులోళ్ళ మనిషి, తాతలనాడు ఇంటింటికీ తిరిగి పరుపులు కుట్టినోళ్ళు. ఇతనొచ్చి స్టీరింగు పట్టుకున్నాడు. మంచోడు, మాట ఇచ్చాడంటే తప్పడు. ఒక్కటే జబ్బు. తనకి తెలవని సంగతి ఈ భూమ్మీద లేదనుకుంటాడు. ఎవరన్నా ఏదన్నా చెప్పబోతే సగంలోనే "నాకు తెలుసులే" అంటాడు. మీలో కూడా ఉన్నారు లెండి అట్టాంటోళ్ళు, పేర్లు చెప్పను. అతని పెళ్ళాం ఖాసింబీ. ఆమె పుట్టిల్లు కారంపూడి, ఆళ్ళ నాయనకి సైకిలు షాపుండేది. మగపిల్లల్లేరు ఆయనకి. పెళ్ళయ్యేదాకా షాపులో పంచర్లేసింది ఈమే అనుకో. ఆ సంగతి సైదావలికి తెలుసు గానీ ఎప్పుడూ ఎత్తేవాడు కాదు. కారుగల మొగుడికి పంచర్లేసే పెళ్ళామంటే నామోషీ గదా మరి.

ఏమైందంటే, ఆ ఏడు ఎండలు మామూలు ఎండలు కాదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగుల్తాయంటారే, రోళ్ళ సంగతేమోగానీ మనుషులు మాత్రం పగిలిపొయ్యారంట. పొద్దున తొమ్మిదింటికే రోడ్డు మీద కుక్క కనపడదు. అట్టాంటి ఎండల్లో సైదావలి కారులో ఏసీ మొరాయించింది. మొదట చల్లదనం కొంచెం తగ్గింది. తర్వాత ఫ్యాను గాలి మాదిరి అయింది. ఆ తర్వాత పొయ్యి కాడ కూర్చున్నట్టే. ఓ రోజు వినుకొండ పెళ్ళికి పొయ్యేవాళ్ళని ఎక్కించుకున్నాడంట. దోవలో పెళ్ళికూతురి మేనత్త చెమటకి తడిసి ముద్దయిపోయి, "ఏందయ్యా ఇది, కారా, ఇడ్లీ పాత్రా?" అందంట. అద్దాలు దించితే వడగాలి, ఎత్తితే ఉడుకు. చివరికి ఆళ్ళు సగం దోవలో దిగి బస్సెక్కి పొయ్యారు. దిగిపొయ్యేవాళ్ళని అద్దంలో చూస్తా కూర్చున్నాడంట సైదావలి. పదహారేళ్ళుగా బండి తోల్తన్నాడు, తన బండిలోంచి జనం దిగిపోవటం అదే మొదలు. మొహం చిన్నబోయింది.

ఏసీ మేస్త్రీ కోసం టౌనుకి, అదే పేటకి, పోతే ఆ మేస్త్రీ కూతురి పెళ్ళని కొట్టు మూసుకొని పొయ్యాడంట, పది రోజుల దాకా రాడంట. పక్కనే స్పేరు పార్టులమ్మే ఆయన, "గ్యాసు తగ్గుంటది, డబ్బాలొచ్చినయ్, ఇంటికాడే పట్టుకోవచ్చు" అని చెప్పి ఓ గ్యాసు డబ్బా, దానికో పైపు, పైపు మీద గుండ్రటి మీటరు, అన్నీ తెచ్చి ముందు పెట్టాడు. ఎట్టా పట్టాలో చెప్పబోతే మనోడు ఏమన్నాడో మీకు నేను చెప్పక్కర్లా. "నాకు తెలుసులే" అన్నాడు. అని పైపూ రెండు డబ్బాలూ చంకలో పెట్టుకొని వొచ్చేశాడు.

ఇంటికొచ్చి ముందు ఆ పైపుతో పెద్ద కుస్తీయే పట్టాడంట. బానెట్టు ఎత్తాడు. లోపల రెండు గొట్టాలుంటయ్ ఏసీకి. ఒకటి సన్నంది, ఒకటి లావుది. ఇతను సన్న గొట్టానికి పెట్టి నొక్కుతాడు, అది పట్టదు. తిప్పి నొక్కుతాడు, పట్టదు. పావుగంట తిట్టుకున్నాక తెలిసిందేందంటే, ఆ పైపు లావు గొట్టానికే పడతదంట, సన్నదానికి పట్టకుండా కావాలనే చేశారంట. సన్నదాంట్లో వొత్తిడి శానా ఎక్కువ, అందులో పెడితే డబ్బా పేల్తది. మనబోటి తొందర మనుషులుంటారని ఆ చేసినోడికి ముందే తెలుసు చూడు! సరే, లావు గొట్టానికి పెట్టి, బండి స్టార్టు చేసి, ఏసీ పెద్దది పెట్టి, డబ్బా తిప్పాడు. బుస్సుమని ఎక్కింది గ్యాసు. పైపు తీసేటప్పుడు వొట్టి చేత్తో లాగాడంట, ఆ గ్యాసు కొంచెం వేలికి తగిలి వేలు తెల్లగా సున్నం రాసినట్టు అయిపోయింది. మంచు కరిచినట్టు అనుకో. అబ్బా అని ఎగిరాడు. అయినా సరే, లోపల కూర్చుంటే చల్లగాలి! వేలి మంట మర్చిపొయ్యాడు. వీధిలో పొయ్యేవాళ్ళనల్లా పిలిచి, "కూర్చో, కూర్చోవయ్యా, ఊటీ" అన్నాడంట.

ఆ ఊటీ ఎన్నాళ్ళుంది? మూడు రోజులు. నాలుగోనాడు మళ్ళీ వేడిగాలి.

ఇంక అసలు సంగతికొస్తన్నా, వినండి. ఆ ఊళ్ళోనే చెన్నకేశవులని మిరపతోట రైతు. పెళ్ళాం పేరు గురవమ్మ. పెళ్ళయిన పదహారేళ్ళకి కడుపు పండింది ఆమెకి. ఎక్కని కొండ లేదు, మొక్కని మొక్కు లేదు. తీరా ఎనిమిదో నెల్లోనే నొప్పులొచ్చినయ్. అప్పుడు పేట ఆస్పత్రికి తీసకపోయింది మన సైదావలే. వెనక సీట్లో ఆమె వాళ్ళమ్మ అంకమ్మవ్వ వొళ్ళో తల పెట్టుకొని, "అన్నా, నా బిడ్డ దక్కుద్దంటావా?" అని ఏడుస్తంటే, ఇతను దోవ మీంచి చూపు తియ్యకుండా, "నిన్ను తీసకపోయేది నేనే, బిడ్డతో ఇంటికి తీసుకొచ్చేదీ నేనేనమ్మా. గుర్తుపెట్టుకో" అన్నాడంట. ఆడపిల్ల పుట్టింది. రెండు కేజీలు కూడా లేదు, పిడికిలంత పిల్ల. ఇరవై రోజులు గాజుపెట్టెలో పెట్టారు. బతికింది, పాలు తాగుతంది, బరువెక్కుతంది. సరిగ్గా సైదావలి కారులో వేడిగాలి మళ్ళీ మొదలైన రోజే చెన్నకేశవులు ఫోను చేశాడు. "అన్నా, రేపు పంపిస్తన్నారంట! డాక్టరమ్మ వొచ్చి చూసి కాయితాలు రాసేసరికి ఒంటిగంట అవుద్దంట. మంచం వేరేవాళ్ళకి కావాలంట, సాయంత్రం దాకా ఉండనియ్యరు. వడగాలి మటుకు తగలకూడదు పిల్లకి, ఏసీ కారులోనే తీసకపొండి అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ముహూర్తాల రోజు, ఇంకే కారూ దొరకట్లా. మన కారులో ఏసీ బాగానే ఉంది గదా? పెళ్ళోళ్ళు ఏందో అన్నారంట..." అని నసిగాడు. సైదావలి వాకిట్లో కారు వంక చూశాడు. అయినా అలవాటైన నోరు గదా, "నాకు తెలుసులే, ఏసీ దివ్యంగా ఉంది, గురవమ్మని బయల్దేరమను చాలు" అనేశాడు.

ఫోను పెట్టేసి అట్టాగే అరుగు మీద కూలబడ్డాడంట. ఇంట్లోంచి ఖాసింబీ అంతా వినింది. మంచినీళ్ళ చెంబు తెచ్చి పక్కన పెట్టింది. నీళ్ళు తాగి లేచాడు, మిగిలిన రెండో డబ్బా తెచ్చాడు, బానెట్టు ఎత్తాడు. అప్పుడొచ్చి కారుకి అడ్డం నిలబడింది ఆవిడ. "ఆ డబ్బా ఇప్పుడు పట్టమాక" అంది. "ఏం, ఎందుకు?" అన్నాడు. "ముందు పట్టిన గ్యాసు ఏమయిందయ్యా?" "అయిపోయింది." "అయిపోటానికి అదేమన్నా పెట్రోలా? మూసున్న గొట్టాల్లో తిరిగేది గదా, యాడికి పోద్ది? యాడో కారతంది. పంచరున్న ట్యూబుకి గాలి కొట్టినట్టు మళ్ళీ కొడతానంటావు. ఇయ్యాల చల్లగా ఉంటది, రేపు పేట నించి వొచ్చేటప్పటికి మొండికేస్తే అప్పుడేం చేస్తావు, పసిగుడ్డు వొళ్ళో ఉంటే?" అంది. సైదావలికి కోపం నషాళానికెక్కింది. "కారు సంగతి నీకేం తెలుసే? ఇదేమన్నా మీ నాయన సైకిలు షాపనుకున్నావా?" అన్నాడు. అనకూడని మాట. చచ్చిపోయినాయన్ని అట్టా అనొచ్చా? ఖాసింబీ కళ్ళలో నీళ్ళు తిరిగినయ్. అయినా అడ్డం తప్పుకోలా. "మా నాయన షాపే అనుకో. మా నాయన పంచరు చూడకుండా ఏనాడూ గాలి కొట్టలా. ఆ డబ్బా ఒక్కటే ఉంది మన దగ్గర. అది కూడా గాల్లో కలిస్తే గురవమ్మకి నువ్విచ్చిన మాట కూడా గాల్లో కలుస్తది" అంది.

ఆ మాట తగిలింది సైదావలికి. చేతిలో డబ్బా కింద పెట్టాడు. చూడండి, నలభై ఎనిమిదేళ్ళొచ్చినాయంట ఆ రోజుకి, అప్పటిదాకా ఎవరినీ అడగని మాట పెళ్ళాన్ని అడిగాడు. "అయితే ఏం చేద్దామంటావు?" అని.

ఆవిడ లోపలికి పొయ్యి గిన్నెలో బట్టల సబ్బు చిదిపి నురగ చేసి, పాత బట్ట ముక్క తెచ్చింది. బండి స్టార్టు చెయ్యొద్దంది. సబ్బు నీళ్ళు ముంచి గొట్టం వెంబడి రాసుకుంటా పోయింది, ఒక్కో కీలు కాడ ఆగి, కళ్ళు దగ్గరగా పెట్టి చూస్తా. ఒక కీలు, ఏం లేదు. ఇంకో కీలు, ఏం లేదు. బండి ముందరి జాలీ కాడ చూసింది, ఏం లేదు. అప్పటికే వీధిలోవాళ్ళు ఒకరొకరే చేరారు. లారీ బసివిరెడ్డని ఒక ముసలాయన ఉండేవాడు, ముప్పై ఏళ్ళు లారీ తోలి మానేసినాయన. ఆయనొచ్చి, "ఏంది సైదావలీ, కారుకి తలంటి పోస్తన్నారా?" అన్నాడు. అందరూ నవ్వారు. సైదావలి మాత్రం నవ్వలా. పెళ్ళాం పక్కన వొంగి గిన్నె పట్టుకొని నిలబడ్డాడు. చివరాఖరికి, గ్యాసు పట్టే చోటే, ఆ లావు గొట్టం మీద మూత ఉండాల్సిన చోట, సబ్బు నీళ్ళు పెట్టేసరికి చిన్న బుడగ లేచింది. ఆవగింజంత. పగిలింది. ఇంకోటి లేచింది. "ఇదిగో!" అంది ఖాసింబీ. ఆ బుడగని చూసి చంటిపిల్ల నవ్వుని చూసినట్టు నవ్విందంట.

సంగతేందంటే, ఆ గొట్టం నోట్లో మన టైర్లకుండే వాల్వు పిన్ను లాంటిదే ఉంటదంట. అది కొంచెం వొదులైంది. దాని మీద మూత కూడా లేదు, మొదటిసారి గ్యాసు పట్టినప్పుడు తీసిన మూత తొందరలో యాడో పారేసుకున్నాడు ఈ మహానుభావుడు. మూత లోపల రబ్బరు వాషరుంటది, అదే సగం కాపలా. ఖాసింబీ లోపలికి పొయ్యి పెట్టె అడుగు నించి ఓ చిన్న డబ్బీ తెచ్చింది. వాళ్ళ నాయన పనిముట్లు. అందులోంచి వేలెడంత వాల్వు కీ తీసింది. చేతికి లావు గుడ్డ చుట్టుకుంది, మొగుడి చలవద్దాలు తీసి కళ్ళకి పెట్టుకుంది. కీ లోపల పెట్టి, ఊపిరి బిగబట్టి, పావు వంతు తిప్పింది. అంతే, పావు వంతు. "ఇంకొంచెం బిగించు" అన్నాడు బసివిరెడ్డి. "వొద్దు తాతా, ఎక్కువ బిగిస్తే తెగుద్ది" అంది. మళ్ళీ సబ్బు నీళ్ళు పెట్టింది. అందరూ తలకాయలు దూర్చి చూస్తన్నారు. బుడగ లేదు. నూరు లెక్కపెట్టారంట. బుడగ లేదు.

అప్పుడు మూత కోసం వెతుకులాట. సైదావలి చేతులూ మోకాళ్ళ మీద వాకిలంతా పాకాడు. చివరికి కోళ్ళగంప కింద దొరికింది. తుడిచి చూస్తే వాషరు బాగానే ఉంది.

ఇప్పుడింక గ్యాసు పట్టాలి. ఈసారి అంతా నిదానం. కారుని చెట్టు నీడకి, గాలాడేచోటికి తోసుకొచ్చారు. సైదావలి పొడుగు చేతుల చొక్కా వేసుకున్నాడు, చేతికి గుడ్డ చుట్టుకున్నాడు. బండి స్టార్టు చేసి ఏసీ పెద్దది పెట్టాడు, తలుపులన్నీ తీసిపెట్టాడు. ముందు పైపులోంచి కొంచెం గ్యాసు బయటికొదిలి లోపలి గాలి పోగొట్టి, లావు గొట్టానికి తగిలించాడు. మీటరు మీద ముల్లు నీలం రంగు కాడ ఉంది, గ్యాసు తక్కువైందని. డబ్బా నిలువుగా పట్టుకొని కొంచెం తిప్పుతాడు, ఆపుతాడు, ముల్లు వంక చూస్తాడు. మళ్ళీ కొంచెం తిప్పుతాడు. ఖాసింబీ ముందు సీట్లో కూర్చొని గాలొచ్చే జాలీ కాడ అరచెయ్యి పెట్టి చెప్తంది. "వేడిగానే ఉంది... ఆ, కొంచెం తగ్గింది... కుండలో నీళ్ళ మాదిరి ఉంది... ఇప్పుడు బాగుంది." ముల్లు పచ్చరంగులోకొచ్చింది. డబ్బాలో ఇంకా సగం దాకా ఉన్నట్టుంది, ఊపితే తెలస్తంది. బసివిరెడ్డి ఊరుకుంటాడా? "ఏందయ్యా సగం డబ్బా మిగులుస్తావు? ఎంత గ్యాసుంటే అంత చల్లన. పట్టు, మొత్తం పట్టెయ్" అన్నాడు. చుట్టూ ఉన్నోళ్ళంతా పట్టు పట్టు అని ఒకటే గోల. రేపు పసిబిడ్డ రాబోతంది, ఇంకొంచెం చల్లగా ఉంటే మంచిదేగా అని సైదావలికీ అనిపించింది. చెయ్యి డబ్బా మీదికి పోయింది కూడా. పోయింది గానీ ఆగాడు. తల తిప్పి ఖాసింబీ వంక చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. డబ్బా కట్టేశాడు. "చాలు తాతా. పొట్ట పగిలేదాకా తిన్నోడికి పనెట్టా చేతనవుద్ది? ఎక్కువైతే మిషనే పోద్దంట" అన్నాడు. అని పైపు తీసి, మూత పెట్టి, బిగించి, మూత మీద మళ్ళీ సబ్బు నీళ్ళు రాసి చూశాడు. తనంతట తనే రాశాడు, ఎవరూ చెప్పలా!

కాసేపటికి కారు కింద నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారటం మొదలైంది. "అదిగో కారతంది, మళ్ళీ కారతంది!" అని అరిచాడు బసివిరెడ్డి. "అది గ్యాసు కాదు తాతా, చల్లదనానికి పట్టిన చెమట. కొత్త కుండకి పట్టదా?" అంది ఖాసింబీ. ముసలాయన వొంగి, వేలు తడి చేసుకొని చూసి, "చల్లగుందే!" అని మెడకి రాసుకున్నాడంట.

తెల్లారి సైదావలి కారెక్కేటప్పుడు ఖాసింబీ వాకిట్లో నిలబడింది. "నువ్వు కూడా రావే" అన్నాడు. "నేనెందుకు?" అంది. "యాడన్నా గాలి తగ్గితే?" అన్నాడు. ఇన్నేళ్ళలో కారుకి సంబంధించిన పనికి ఆవిణ్ణి పిలవటం అదే మొదలు. ఆవిడ కొంగు దోపుకొని ముందు సీట్లో కూర్చుంది.

ఆస్పత్రి కాడ డాక్టరమ్మ చెప్పినట్టే ఒంటిగంట దాటింది. తారు రోడ్డు మెత్తబడి టైర్లకి అంటుకుంటంది. సైదావలి ముందే ఏసీ పెట్టి కారు చల్లబరిచాడు. తర్వాత గురవమ్మ వొచ్చి కూర్చుంది, తెల్ల బట్టలో చుట్టిన పిల్లతో. ఒక పక్క చెన్నకేశవులు, ఇంకో పక్క అంకమ్మవ్వ. చెన్నకేశవులు లోపలికొస్తానే జాలీ కాడ చెయ్యి పెట్టి చూశాడు, గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. కారు కదిలిన కాసేపటికే అంకమ్మవ్వ, "అయ్యా సైదావలీ, పిల్లకి చలేస్తదేమో, కొంచెం తగ్గించు నాయనా" అంది! విన్నారా? ఎంత తంటాలు పడితే వొచ్చింది ఆ చల్లగాలి, తగ్గించమంటంది. సైదావలికి కోపం రాలేదు సరిగదా, ఖాసింబీ వంక చూసి నవ్వుకుంటా తగ్గించి, గాలి పిల్ల మీదికి పోకుండా జాలీ పైకి తిప్పాడంట.

సగం దోవకొచ్చేసరికి రైలు గేటు. గేటు పడుంది, గూడ్సు బండి పట్టాల మీద అడ్డంగా ఆగిపోయింది. కదలదు. పది నిమిషాలు, అరగంట, ముప్పావుగంట. ముందు లారీ, వెనక ట్రాక్టరు, అటూ ఇటూ మోటారుసైకిళ్ళు. చెట్టన్నది లేదు. కారు నిలబడుంటే ఏసీ చల్లదనం కొంచెం తగ్గుద్ది, అది మామూలే. సైదావలి దిగి బానెట్టు ఎత్తి చూశాడు, ఫ్యాను తిరుగుతంది. సబ్బు నీళ్ళు లేవు గానీ చెవి పెట్టి విన్నాడు, బుస్సుమని లేదు. లోపలికొచ్చి, "ఎట్టుంది?" అని అడిగాడు ఖాసింబీని. ఆవిడ జాలీ కాడ చెయ్యి పెట్టి, "కొంచెం తగ్గింది గానీ చల్లగానే ఉందయ్యా" అంది. అప్పుడే కారు పక్క మోటారుసైకిలు మీద ఒక పిల్లతల్లి, వొళ్ళో ఏడాది పిల్లోడు, మొహమంతా కందిపోయి గుక్కపట్టి ఏడుస్తన్నాడు. సైదావలి అటు చూశాడు. అద్దంలోంచి గురవమ్మ వంక చూశాడు. గురవమ్మే అందంట, "తలుపు తీ అన్నా, ఆళ్ళని రమ్మను." ఆ తల్లి ఎక్కింది. చెన్నకేశవులు దిగిపోయి ఎండలో నిలబడ్డాడు, చోటు కోసం. ట్రాక్టరులో నించి ఇంకో ఆవిడ ఇద్దరు పిల్లల్ని తెచ్చింది, ఖాసింబీ ముందు సీట్లో ఇద్దర్నీ చెరో పక్కా ఇరికించుకుంది. పేరు తెలవదు, కులం తెలవదు, ఊరు తెలవదు. ఇరుక్కొని కూర్చున్నారు. సైదావలి తను కూడా దిగేశాడు, చెన్నకేశవులు పక్కన తలకి తువ్వాలు చుట్టుకొని నిలబడ్డాడు. కారు కింద కారే చుక్కల్లో ఓ వీధికుక్క వొచ్చి పడుకుంది. లోపల పిల్లలందరూ ఏడుపు మానేశారు.

"భలే పని చేయిస్తివన్నా ఏసీకి. పేటలో మేస్త్రీయేనా?" అన్నాడు చెన్నకేశవులు, నుదురు తుడుచుకుంటా. ఇదిగో ఈడ, ఈడ సైదావలి కారు లోపలికి ఒకసారి చూశాడంట. పాత సైదావలైతే "నేనే" అనేవాడు. "మేస్త్రీ కాదు" అన్నాడు. "మా ఖాసింబీ. పంచరు కనిపెట్టిందామే, బిగించిందామే. వాళ్ళ నాయన దగ్గర నేర్చుకుంది. కారంపూడిలో పెద్ద సైకిలు షాపు గదా ఆళ్ళది." కారు అద్దం కొంచెం దించే ఉంది. లోపల ఖాసింబీ వినింది. విననట్టు పిల్లోడి ముక్కు తుడిచిందంట.

గూడ్సు కదిలింది, గేటు లేచింది, ఎవరి పిల్లల్ని వాళ్ళు తీసుకున్నారు. మూడున్నరకి ఉప్పలమెట్టలో కారాగింది. వీధంతా వొచ్చి నిలబడుంది. గురవమ్మ పిల్లతో దిగి, గుమ్మం ఎక్కబోతా వెనక్కి తిరిగి సైదావలి వంక చూసింది. పిల్లని కొంచెం పైకెత్తి చూపించింది, అంతే. సైదావలి తలకి చుట్టిన తువ్వాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. చెమట పట్టింది అన్నాడంట. ఏసీ కారులోంచి దిగినోడికి చెమటేందయ్యా అని ఎవరూ అడగలా.

పిల్లకి భ్రమరాంబని పేరు పెట్టారు, మొక్కు గదా. పేరయితే పెట్టారు గానీ ఆ పేరుతో పిలిచినోళ్ళు లేరు. గేటు కాడ ముప్పావుగంట చల్లగా నిద్రపోయిన పిల్లని అంకమ్మవ్వే చల్లమ్మ అని మొదలెట్టింది, ఊరంతా అదే పట్టుకుంది. ఇప్పుడు మూడేళ్ళు దానికి. ఇంకో సంగతి చెప్పనా, పేరుకే చల్లమ్మ. దానికి కోపమొచ్చి కింద పడి దొర్లిందంటే వీధి ఈ చివర్నించి ఆ చివరికి వేడెక్కాల్సిందే. ఆ వేడికి మాత్రం ఏ డబ్బా పట్టించినా లాభం లేదంట, బెల్లం ముక్కొకటే మందు.